కడుపులో బ్రేక్ దర్శనాలుండవు

మా గైడు మేడం పోయారన్న వార్త నాకు ల్యాబులో ఉండగా తెలిసింది. చేతిలో సిరంజి ఉంది. ఎదురుగా గాజు పాత్రల్లో మాత్రలు కరుగుతున్నాయి. ఫోన్ మోగితే ఆమే అనుకున్నాను. ఒంట్లో బాగాలేక రాలేని రోజుల్లో, శాంపిల్ తీసే వేళకు ఆమె ఇంటి నుంచి ఫోన్ చేసేవారు. స్పీకరులో పెట్టమని, "ఊఁ, తియ్యమ్మే" అనేవారు. ఆ రోజు వినిపించింది ఆమె భర్త గొంతు. "పాపా, మీ మేడం తెల్లారి పోయింది" అన్నారు.

వెంటనే బయల్దేరలేదు నేను. అది మేం మళ్ళీ మొదటి నుంచి చేస్తున్న పనిలో చివరి విడత. మధ్యలో వదిలేస్తే ఆ విడతంతా పారబోయాలి. పక్కనున్న నా తోటి స్కాలరు, "నువ్వు పో అక్కా, నేను చూసుకుంటా" అన్నాడు. "ఇది కానీ, పోతాను" అన్నాను. కళ్ళు మసకబారితే భుజానికి తుడుచుకుని, గడియారం చూసుకుంటూ, ఎవరూ "తియ్యి" అనకుండానే అన్ని శాంపిళ్ళూ తీశాను. సగంలో లేచి వెళ్ళి ఉంటే, ఆ ఇంట్లో ఆమె ఎదుట నిలబడే ధైర్యం నాకు ఉండేది కాదు.

మీలో ఎక్కువమందికి ఆమె తెలియదు. తిరుపతిలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పుట్టిల్లు గూడూరు. వాళ్ళ నాయన నిమ్మకాయల వ్యాపారి. ఆమెకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, ఊళ్ళు గుర్తుండేవి. అందుకని నేను ఆమెకు ఎప్పుడూ "చిత్తూరు"నే. తడ నుంచి వచ్చే నా తోటి స్కాలరు "తడ". అతని మాటల్లో సగం అరవం. "తడా, నువ్వు తెలుగులో మాట్లాడినప్పుడు నాకు చెప్పు, వింటా" అని ఏడిపించేవారు. అతనూ ఊరుకునేవాడు కాదు. "గూడూరులో మాట్లాడేది కూడా తెలుగేనంట మేడం, నమ్మమంటారా?" అనేవాడు.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. సొంతూరు చిత్తూరే అయినా, బతుకుతెరువుకు వచ్చి మా అమ్మ తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. పరిశోధనకు సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, పుస్తకాల్లోంచి ఏమడిగినా చెప్పాలని బట్టీ పట్టి వెళ్ళాను. మేడం అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున ఏం తిన్నావమ్మే?"

నాకు సిగ్గేసింది. బీదవాళ్ళమని కనిపెట్టి అడుగుతున్నారనుకున్నాను.

"సంగటి, మేడం."

"దేంట్లోకి?"

"చెనిగ్గింజల ఊరిమిండి, రోటి పచ్చడి."

"బాగుంటాది. ఇప్పుడా సంగటి యాడుంటాది?"

"కడుపులో."

"కడుపులోనే ఉండాదా, పేగుల్లోకి దిగిందా? అక్కడ పులుపు ఎంతుండాది ఇప్పుడు? సంగటి మీద ఒక మాత్ర ఏసుకుంటే అది ఏమవతాది?"

కొంచెం ఆలోచించి, తెలియదన్నాను.

"నాకూ తెలీదు. తెలుసుకునేదే మన పని. సోమవారం నించి రా" అన్నారు. అంతే ఇంటర్వ్యూ.

మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. క్షయకు వేసుకునే మందులు ఒకటి కాదు, కొన్ని కలిపి వేసుకోవాలి. రోగి ఒకటి వేసుకుని ఒకటి మానేయకుండా, అన్నిటినీ ఒకే మాత్రలో పెట్టి ఇస్తారు. మంచి ఉపాయమే. కానీ వాటిలో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ అనే రెండు మందులకు కడుపులోని ఆమ్లంలో పొత్తు కుదరదు. ఆమ్లంలో రిఫాంపిసిన్ కొంత విరుగుతుంది. విరిగిన ముక్కను ఐసోనియాజిడ్ పట్టుకుంటుంది. పట్టుకునే కొద్దీ రిఫాంపిసిన్ ఇంకా ఇంకా విరుగుతూ పోతుంది. తర్వాత ఐసోనియాజిడ్ చాలావరకు విడిపోయి మళ్ళీ తన రూపానికి వస్తుంది. రిఫాంపిసిన్ మాత్రం తిరిగి రాదు. అంటే రోగి మాత్ర సక్రమంగానే మింగుతాడు, కానీ అందులో ముఖ్యమైన మందు కొంత రక్తంలోకి చేరకుండానే పోతుంది.

నేను దీన్ని ఇంతసేపు చెప్పాను. మేడం ఇంకా బాగా చెప్పేవారు. "ఇద్దరూ మంచోళ్ళేనమ్మే. తోడికోడళ్ళు. పులుపు తగిలినప్పుడే ఒకరి మీద ఒకరు పడతారు. చిన్నామె చీర దులుపుకొని లేస్తాది. పెద్దామె లేవదు." క్లాసంతా నవ్వితే, "నాకు తోడికోడలు లేదు గాబట్టి ధైర్యంగా చెప్తా ఉండా" అనేవారు.

మేం ఎంచుకున్న దారి, ఐసోనియాజిడ్‌కు ఆమ్లంలో కరగని పూత పూయడం. కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళాకే ఆ పూత కరగాలి. ఈలోగా రిఫాంపిసిన్ తన దారిన తాను పోవాలి. పూత నిలబడుతోందా లేదా అని చూడడానికి కడుపులోని ఆమ్లం లాంటిదాన్నే గాజు పాత్రల్లో పోసి, ఒంటి వేడికి వెచ్చబెట్టి, సగం పాత్రల్లో మా పూత మాత్రలు, సగం పాత్రల్లో మామూలు మాత్రలు వేసేవాళ్ళం. నడుమ నడుమ కొంచెం కొంచెం తీసి చిన్న సీసాల్లో పోసి ఐసులో పెట్టేవాళ్ళం. ఆ సీసాలను ఒక్కొక్కటే యంత్రానికి ఇస్తే, రిఫాంపిసిన్ ఎంత మిగిలిందో అది చెబుతుంది. ఆ యంత్రం మా విభాగమంతటికీ ఒకటే. ఒక్కో సీసాకు చాలాసేపు తీసుకుంటుంది.

ఫలితాలు చాలా బాగా వచ్చాయి. మామూలు మాత్రలో మందు బాగా పోతోంది, మా మాత్రలో చాలావరకు నిలబడుతోంది. మేడం ఊళ్ళో డాక్టర్ల సమావేశంలో ఆ సంగతి చెప్పారు. అది ఒక పత్రికలో అచ్చయింది కూడా. నేను థీసిస్ రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ నా ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారు.

అప్పుడు జరిగింది అది. ఒక మధ్యాహ్నం యంత్రం ముందు సీసాలు పేరుస్తున్నాం. మా ల్యాబులో ఒక అలవాటు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పొద్దున పూట యంత్రం ఒళ్ళు బాగుంటుంది, మధ్యాహ్నం ఎండకు మొరాయిస్తుంది అని, కొత్త మాత్ర సీసాలు ముందు పెట్టేవాళ్ళం. మామూలు మాత్రవి వెనక. మొక్కు తీర్చుకునేవాళ్ళు కొత్త పంటలో మొదటి గంప దేవుడికి పెట్టినట్టు, ఎవరూ ప్రశ్నించని మర్యాద అది. ఆ రోజు తడ సీసాలు వరసగా పెడుతూ, "మన మాత్రకు బ్రేక్ దర్శనం. పాపం, మామూలు మాత్ర ధర్మదర్శనం క్యూలో పడి ఉండాది, ఎప్పుడు వదులుతారో ఏమో" అన్నాడు.

మేడం నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు.

"ఏమన్నావు తడా? మళ్ళీ చెప్పు."

అతను భయపడ్డాడు. "ఊరికే అన్నాను మేడం."

"ఊరికే అన్నదే మళ్ళీ అను."

అతను మళ్ళీ అన్నాడు. మేడం కుర్చీలో కూర్చుని ఆ సీసాల వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత నన్ను పిలిచి, పొద్దున కొలిచేసిన మామూలు మాత్ర సీసా ఏదన్నా ఉందా అని అడిగారు. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి పొద్దునే పెట్టింది ఒకటి ఉంది. "దాన్ని మళ్ళీ పెట్టు" అన్నారు. పెట్టాను. అదే సీసా, అదే మందు. పొద్దున ఉన్నంత రిఫాంపిసిన్ సాయంత్రానికి లేదు.

ఐసులో పెడితే ఆగిపోతుందని మేమందరం నమ్మాం. నెమ్మదిస్తుంది, ఆగదు. సీసాలో ఉన్నది కూడా ఆమ్లమే కదా. తన వంతు వచ్చేదాకా ఆ మందు అందులో విరుగుతూనే ఉంది. ఎంత వెనక నిలబడితే అంత పోయింది. మామూలు మాత్రకూ మా మాత్రకూ మధ్య మేం గర్వంగా చూపించిన తేడాలో కొంత మా పూతది కాదు. ఆ వరసది. ఎంత ఆ వరసది, ఎంత మా పూతదో చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళలేదు. మాతో పాటు క్యాంటీనులో టీ తాగుతూ వాళ్ళ నాయన సంగతి చెప్పారు. గూడూరు మార్కెట్లో ఆయన నిమ్మకాయల సంచి కొనేటప్పుడు మూతి దగ్గర కాయలు చూసేవారు కాదట. సంచి నేల మీద బోర్లించి, అడుగున ఉన్న కాయలు ముందు పట్టుకునేవారట. అమ్మేవాళ్ళకు కోపం వచ్చేదట. "నన్ను నమ్మవా?" అంటే, "నిన్ను నమ్మినా. సంచిని నమ్మలా" అనేవారట.

"మనం కూడా బోర్లించాల్సిందే" అన్నారు మేడం. "మొదట్నించి."

ఇంట్లో ఏం చెప్పాలి నేను?

మర్నాడు కాలేజీలో ఒక పెద్దాయన ఆమెకు నచ్చజెప్పారు. నేను పక్కనే ఉన్నాను. "పూత పని చేస్తోందనేది నిజమే కదా మేడం. ఇక నుంచి జాగ్రత్తగా చేయండి. అచ్చయిందాన్ని కెలకడం ఎందుకు? ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదనే నా భయం" అన్నారు ఆమె.

"ఈ వయసులో, ఈ ఆరోగ్యంతో..."

"క్షయ మనిషి కడుపులో బ్రేక్ దర్శనాలుండవప్పా. మనం ఈడ ఎవరిని ముందు పంపినామో దానికి తెలీదు."

అప్పటికే ఆమెకు జబ్బు బయటపడింది. చికిత్సకు వేలూరు పోయి వస్తున్నారు. ఆ పెద్దాయన "ఆరోగ్యం" అన్నది దాని గురించే. మేం ఎవరమూ ఆమె ముందు ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

డాక్టర్ల సమావేశం మళ్ళీ జరిగినప్పుడు ఆమె అడిగి మరీ మాట్లాడారు. తడ చెప్పిన బ్రేక్ దర్శనం మాట ఉన్నదున్నట్టు చెప్పారు. హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగి, "పోయిన సారి నేను మీకు చెప్పిన లెక్క నమ్మకండి. మళ్ళీ చేసి చెప్తాను. తప్పు నాది, పిల్లలది కాదు" అని కూర్చున్నారు. పత్రికకూ అదే రాశారు. వెనక వరసలో కూర్చున్న నాకు, జీవితంలో మొదటిసారి, చదువుకున్నవాళ్ళంటే ఎవరో అర్థమైనట్టనిపించింది.

ఆ తర్వాత ఒక రోజు నాకు చెప్పకుండా తిరుచానూరు వెళ్ళారు. నేను సాయంత్రం అమ్మకు సాయం చేద్దామని వెళ్ళేసరికి, అమ్మ పక్కన గోనెపట్ట మీద కూర్చుని ఉన్నారు. అమ్మ కనకాంబరాలు కడుతోంది.

"ఇంగా ఎన్నాళ్ళు మేడం?" అంటోంది అమ్మ. "పాప చదువు ఈ యేడుకు అయిపోతాదన్నారే. ఈడు దాటిపోతా ఉండాది. మా ఆయన ఒంట్లో కూడా బాలేదు."

"ఇంకో యేడు పడతాదమ్మా. తప్పు నాది. మీ పాప కాలం నేను పోగొట్టినా. అందుకే అడగను వచ్చినా."

అమ్మ పూలు కడుతూనే ఉంది. మూర పూర్తయ్యాక తెంపి ఆమెకు ఇచ్చింది. "పెట్టుకోండి."

మేడం కొంగు తలమీదికి లాక్కుని నవ్వారు. మందులకు జుట్టంతా రాలిపోయింది. "జడ యాడుండాదమ్మా నాకు?"

అమ్మ ఆమె చెయ్యి లాక్కుని ఆ మూర పూలు మణికట్టుకు చుట్టి ముడేసింది. "జడకే పెట్టాలని యాడన్నా రాసుండాదా? పాపను తీస్కపోండి. సక్కంగా సేసి ఇడవండి."

ఇద్దరూ నన్ను చూడలేదు. నేను కాసేపు పక్క కొట్టు దగ్గరే నిలబడి, తర్వాత వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి శాంపిల్ తీసిన క్షణంలోనే ఆమ్లం పులుపు చచ్చేలా ఇంకో ద్రావణంలో కలిపేశాం. అప్పుడు సీసా ఎంతసేపు క్యూలో ఉన్నా మందు కదలకుండా ఉంటుంది. అది నమ్మలేదు మేడం. ఒకే సీసాను పొద్దున, సాయంత్రం కొలిపించి, లెక్క మారలేదని చూశాకే నమ్మారు. వరస కూడా మా చేతుల్లో ఉండకూడదన్నారు. చీటీపాటలో తీసినట్టు స్టీలు డబ్బాలో చీటీలు వేసి, ఏది వస్తే అది ముందు. ఏ సీసాలో ఏ మాత్ర ఉందో వేరే చీటీల్లో రాసి మడిచి దాచిన తడకు మాత్రమే తెలుసు. కొలిచే నాకు తెలియదు.

ఆమె చేతులు వణుకుతున్నాయని పిపెట్ పట్టడం మానేశారు. ప్లాస్టిక్ కుర్చీ పాత్రల పక్కకు లాక్కుని, గడియారం చూస్తూ "తియ్యమ్మే" అనడం తన పని చేసుకున్నారు. తీసిన ప్రతిసారీ అడిగేవారు, "కలిపినావా వెంటనే?" కలిపాను మేడం. మళ్ళీ తీస్తే, మళ్ళీ "కలిపినావా?" ఒకసారి విసుగొచ్చి, "కలపకుండా ఎక్కడికి పోతాను మేడం?" అన్నాను. "మనమూ అదే అనుకున్నామే చిత్తూరూ, అన్నీ సరిగ్గానే చేస్తా ఉండామని" అన్నారు. ఆ తర్వాత నేను విసుక్కోలేదు.

వేలూరు నుంచి వచ్చిన మర్నాడు కూడా పెరుగన్నం డబ్బాతో వచ్చేవారు. తినేవారు కాదు. తడ తినేవాడు. "నా కోసమే తెస్తారు, ఒప్పుకోరు" అనేవాడు.

ఒక్కో విడతా లెక్క తేలుతూ వచ్చింది. పూత మాత్ర మామూలు మాత్ర కంటే మెరుగే. కానీ మేం మొదట చెప్పుకున్నంత కాదు. మొదటి విడత చీటీలు విప్పి లెక్క చూసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మేడం కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం మళ్ళీ చూశారు. "తగ్గింది. తగ్గితే తగ్గింది. దీని మీద నిలబడొచ్చు. దాని మీద నిలబడితే ఎప్పుడో ఒక రోజు పడతాం. మనం పడితే పరవాలేదు, మాత్ర మింగినోడు పడతాడు." అంత పొడుగు మాట ఆమె మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత మాటలు తగ్గుతూ వచ్చాయి.

ఆఖరిసారి చూసింది ఇంట్లో, మంచం మీద. చివరి విడత మిగిలి ఉంది. మాత్రలను వేడిలో, తేమలో చాలాకాలం నిలవ ఉంచి, ఆ తర్వాత పూత నిలబడుతుందో లేదో చూసే విడత. మన ఎండలకు అది తేలకపోతే మిగతాదంతా తేలినా లాభం లేదు. "ఆగమంటారా మేడం, మీరు కోలుకున్నాక చేద్దాం" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"మాత్రలు ఆగతాయా నా కోసం? చెయ్యి" అన్నారు.

వార్త తెలిసిన రోజున చేస్తున్నది ఆ విడతే. శాంపిళ్ళు తీయడం అయిపోయాక, చీటీలు వేసి సీసాలు యంత్రానికి ఎత్తించి, తడను కాపలా పెట్టి ఆటో ఎక్కాను. ఇంటి ముందు షామియానా వేశారు. గూడూరు నుంచి బంధువులు వచ్చారు. ఆమె తమ్ముడు రావాలని సాయంత్రం దాకా ఆపారు. ఆమెను చూసి, కాళ్ళకు మొక్కి, ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు పక్కనున్న ఒక ముసలావిడ నా చేతులు చూసి గదమాయించింది.

"ఏందిమే ఇది, గోరింటాకా? సావింటికా?"

అప్పుడు చూసుకున్నాను. గ్లౌజు ఎక్కడో చిరిగినట్టుంది. కుడి చేతి వేళ్ళకు ఇటుక రంగు పట్టి ఉంది. రిఫాంపిసిన్ రంగు అది.

"మందు అవ్వా. క్షయ మందు."

"కడుక్కో రాదా?"

పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. తడ.

"అక్కా, అయిపోయినాయి. చీటీలు విప్పినా."

"వరస చీటీల ప్రకారమే పెట్టినావా?"

"పెట్టినానక్కా. ఒకటికి రెండుసార్లు చూసుకున్నా." కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "పూత నిలబడింది. ముందు విడతల మాదిరే ఉండాది, కొంచెం తక్కువ. మామూలు మాత్ర కంటే మేలే."

లోపలికి వెళ్ళి మేడం వాళ్ళ సార్‌కు చెప్పాను. ఆయన మెడలో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత, "వెంటనే కలిపినావా పాపా?" అన్నారు.

"కలిపినాను సార్."

"సరే" అన్నారు.

కాసేపటికే ఆమెను ఎత్తారు. గేటు దగ్గర ఎవరో నా చేతిలో గుప్పెడు బొరుగులు పోశారు. తడీ ఆరలేదు, రంగూ పోలేదు నా వేళ్ళకు. వాహనం కదలగానే అందరితో పాటు చల్లాను. అది వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. జనం వెనక నడిచారు. ఆడవాళ్ళం గేటు దగ్గరే నిలబడిపోయాం. రోడ్డు పొడుగునా తెల్లటి బొరుగులు. వాటిలో అక్కడొకటి, అక్కడొకటి, ఇటుక రంగు అంటినవి.